40 లీటర్ల వీపు సంచి: ఐదు నెలలు దారిలో, రెండేళ్ళు ఇంట్లో

ఈ వీపు సంచిని నేను 2023 అక్టోబరులో, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన వారానికి, హైదరాబాదులో 8,500 రూపాయలకు కొన్నాను. ఆ నవంబరు మొదలుకొని మరుసటి ఏప్రిల్ వరకు థాయిలాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా దేశాల్లో ఇదే నా బీరువా, ఇదే నా తలగడ. తయారుచేసిన కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే మంచిచెడులు చాలావరకు ఆ కంపెనీవి కావు. 40 లీటర్లన్న ఆ పరిమాణానివి, కొంత నావి, కొంత మా అమ్మవి.

సంచి కొనేవాళ్ళందరూ ఎన్ని లీటర్లని అడుగుతారు గాని తమ వెన్ను కొలత ఎంతో చూసుకోరు. తల వంచినప్పుడు మెడ దగ్గర తేలే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు వరకు టేపు పెట్టి కొలిస్తే నాకు 41 సెంటీమీటర్లు వచ్చింది. దుకాణంలో మొదట చూపించిన సంచి పొడగరి మగవాళ్ళకు సరిపోయేది; దాని నడుము పట్టీ నా పొట్ట మీదికి జారి, బరువంతా భుజాల నుంచి వేలాడింది. చిన్న కొలతది తెప్పించుకుని, పట్టీ సరిగ్గా తుంటి మీద కూర్చునేలా బిగించాక, లోపల పెట్టిన ఇసుక మూటల బరువు సగం ఎవరో మోస్తున్నట్టు అనిపించింది. ఈ ఒక్క కొలత కోసం దుకాణంలో గంటసేపు కూర్చోవడం ఈ కొనుగోలులో నేను చేసిన తెలివైన పని.

ఖాళీ సంచి 1.4 కిలోలు, బయలుదేరిన రోజున నిండు సంచి 9.2 కిలోలు. అందులో కిలోకు పైగా కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ. చౌక విమానాల్లో చాలావరకు చేతి సామానుకు 7 కిలోలే హద్దు, పైగా నూనె తేలే పచ్చడిని కాబిన్‌లోకి రానివ్వరు కాబట్టి బ్యాంకాక్ వెళ్ళేటప్పుడు సంచిని అప్పగించక తప్పలేదు. మూడు కవర్లలో చుట్టినా ఆవకాయ నూనె దారి వెతుక్కుంది. థాయిలాండ్ ఉత్తరాన చియాంగ్ మాయ్‌లో, ఎనిమిది మంచాల హాస్టల్ గదిలో సంచి తెరిచినప్పుడు పక్క మంచం మీది అమ్మాయి తుమ్మడం మొదలుపెట్టింది. అడుగు అరలో ఆ నూనె మరక ఈనాటికీ ఉంది. లావోస్ చేరేసరికి పొడులు అయిపోయాయి, స్వెట్టరు ఒంటి మీదికి వచ్చింది, సంచి 7.6 కిలోలకు దిగింది. అక్కడి నుంచే దానితో నాకు స్నేహం కుదిరింది.

దీనికి జిప్పు చుట్టూ తిరిగి, సంచి పెట్టెలా తెరుచుకుంటుంది. పైనుంచి మాత్రమే తెరుచుకునే సంచుల్లో అడుగున ఉన్న వస్తువు కావాలంటే మొత్తం పీకాలి; దీనిలో ఆ బాధ లేదు. లావోస్‌లో లువాంగ్ ప్రబాంగ్ నుంచి రాజధాని వియంతియాన్‌కు రెండు గంటల లోపే చేర్చే చైనా రైలు ఎక్కేముందు స్టేషన్లో సామాను తనిఖీ గట్టిగా ఉంటుంది. నా ముందున్న కుర్రాడు తన పొడుగు సంచిని నేల మీద కుమ్మరించుకుంటుంటే నేను జిప్పు లాగి చూపించి ముందుకు వెళ్ళాను. అయితే ఆ గొప్పలో సగం సంచిది కాదు, లోపలి బొందు సంచులది. బజారులో సర్దుడు సంచుల జత రెండు వేలంటే వద్దని, అమ్మ తన పాత మంగళగిరి చీర చింపి ఐదు కుట్టి ఇచ్చింది. ఒక్కోదానికి ఒక్కో రంగు బొందు. చీకట్లో నలుగురు నిద్రపోతున్న గదిలో ప్లాస్టిక్ కవరు గరగరలాడించకుండా బట్టలు తీసుకోవడం ఎంత సుఖమో హాస్టళ్ళలో పడుకున్నవారికి తెలుస్తుంది. తడి బట్టలు పెట్టినా నూలు గుడ్డ కాబట్టి త్వరగా ఆరాయి. ఈ సమీక్షలో నేను నిండు మార్కులు వేసే వస్తువేదైనా ఉంటే అవే.

గుడ్డ బలానికి పరీక్ష మెకాంగ్ నది మీద జరిగింది. హువాయ్ సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు రెండు రోజులు సాగే పడవలో, పాక్‌బెంగ్‌లో రాత్రి మజిలీ చేస్తూ వెళ్ళాను. సంచులన్నీ ఒకదానిపై ఒకటి కుప్ప పోసి, రేవు వచ్చినప్పుడు వాటి మీద నడిచి మరీ దింపారు. గీతలు పడ్డాయి, చిరగలేదు. లోపం బయటపడింది వియత్నాంలో. హనోయి నుంచి హువే వచ్చిన రాత్రి బస్సు డిక్కీలోంచి సంచిని పట్టీ పట్టుకుని లాగి పడేస్తే, నడుము పట్టీ సంచితో కలిసే చోట కుట్టు ఊడిపోయింది. మరునాడు బరువంతా భుజాల మీద వేసుకుని నడిస్తే సాయంత్రానికి ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. తయారీదారు చేసిన తప్పు ఇదొక్కటే, కాని చిన్న తప్పు కాదు: అన్నిటికంటే ఎక్కువ బరువు లాగే చోట ఒక్క వరుస కుట్టు వేశారు.

హోయ్ ఆన్ దర్జీల ఊరు. నన్ను చూడగానే పట్టు గౌను కుట్టిస్తావా అని పిలిచిన ఒకావిడకు ఊడిన పట్టీ చూపించాను. ఆవిడ ముందు నవ్వి, తర్వాత దారాన్ని మూడు రకాలుగా మార్చి చూసి, లోపల నైలాను పట్టీ ముక్క వేసి నాలుగు వరుసలు కుట్టి మర్నాడు ఇచ్చింది. 80,000 డాంగ్‌లు, మన లెక్కలో దాదాపు 270 రూపాయలు. సంచి లేని ఆ ఒక్క రోజున నీళ్ళ సీసాతో, 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ సన్ ఇటుక గుడులకు వెళ్ళాను. పూర్వం మధ్య వియత్నాంను ఏలిన చంపా రాజ్యం నాటి శివాలయాలవి. ఆ ప్రాంతాన్ని అప్పట్లో అమరావతి అనేవారట. నాన్నకు ఫోన్ చేసి చెబితే, "అయితే గుంటూరు జిల్లా దాటలేదన్నమాట" అన్నారు. ఆ కుట్టు ఈరోజుకీ కదలలేదు.

వాన కవరు గురించి మంచి మాట చెప్పలేను. హనోయిలో ఫిబ్రవరి నెలంతా సన్నటి తుంపర. కవరు పైనుంచి నీరు ఆపుతుంది గాని వీపు వైపు తెరిచే ఉంటుంది, ఆ దారినే తేమ లోపలికి దిగి బట్టలకు బూజు వాసన పట్టింది. దాని అసమర్థత పూర్తిగా తేలింది ఏప్రిల్ 13న బ్యాంకాక్‌లో. మన సంక్రాంతి మాటే అక్కడ సోంగ్‌క్రాన్ అయింది, సూర్యుడు మేషంలోకి వచ్చే వేళ వాళ్ళకు కొత్త సంవత్సరం, వీధి వీధంతా నీళ్ళు చల్లుకోవడమే పండుగ. కంబోడియాలోని సియెమ్ రీప్ నుంచి బస్సులో వచ్చి దిగిన నాకు హాస్టల్ 400 మీటర్లే, కాని ఆ దూరంలో ఒక్క బకెట్టు కూడా నన్ను వదల్లేదు. జిప్పు కవరులో ఉన్న పాస్‌పోర్టు బతికింది. ఐదు నెలలు రాసుకున్న నోటు పుస్తకంలో లావోస్ పేజీలు నీలి మరకలయ్యాయి. వాన కవరు బదులు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి పరుచుకోవడం మేలు.

ఇంటికి రావడం గురించి సంచుల సమీక్షల్లో ఎవరూ రాయరు. నా సంచి అసలు దెబ్బ తిన్నది అక్కడే. శంషాబాదులో దిగి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు కిందికి దాన్ని తోసి, తెల్లవారుజామున రాజమండ్రిలో దిగాను. పెద్దమ్మ సంచి వైపు, నా వైపు చూసి, "నాలుగు దేశాలు తిరిగి ఇంతేనా తెచ్చావు?" అంది. ఉన్నవి ఒక లావో నూలు పైట, కంబోడియాలోని కాంపోట్ మిరియాలు పావుకిలో. చారులో వేసి చూసి అరకు మిరియాలే నయమని అమ్మ తీర్పు చెప్పింది. నేను మాత్రం పదకొండు రోజుల వరకు సంచిని ఖాళీ చేయలేదు. ఇంట్లో బీరువా నిండా బట్టలున్నా రోజూ అదే సంచిలోంచి అవే మూడు కుర్తాలు తీసి వేసుకుని, ఉతికి, మళ్ళీ చుట్టి పెట్టేదాన్ని. ఎందుకని అమ్మ అడగలేదు. పన్నెండో రోజు నేను బజారుకు వెళ్ళి వచ్చేసరికి సంచి పెరట్లో, సర్ఫు నీళ్ళ బకెట్టులో మునిగి ఉంది. "కంపు కొడుతోందే" అంది.

ఇలాంటి సంచుల గుడ్డకు లోపలి వైపు నీరు దిగకుండా పాలీయురేథేన్ పూత ఉంటుంది. వేడి, తేమ దాన్ని మెల్లగా కుళ్ళబెడతాయి, నానబెట్టి ఉతికితే ఇంకా త్వరగా పోతుంది. తర్వాత అటక మీద రెండు వానాకాలాలు గడిపాక ఆ పూత జిగటగా మారి, తెల్లటి పొట్టులా రాలుతోంది. కంపెనీకి ఫొటోలు పంపితే వాడకం వల్ల వచ్చిన అరుగుదల వారంటీ కిందికి రాదని జవాబు వచ్చింది. నిజమే, ఎవరి వాడకమో వాళ్ళు అడగలేదు.

ఇప్పుడు మళ్ళీ హైదరాబాదులోనే ఉద్యోగం. నెలకోసారి ఇంటికి వెళ్ళి వచ్చేటప్పుడు ఇదే తెచ్చుకుంటాను, వెళ్ళేటప్పుడు నాలుగు కిలోలు, తిరిగి వచ్చేటప్పుడు పన్నెండు. పూత రాలిన గుడ్డకు ఆ బరువు ఒక లెక్కలోది కాదు, హోయ్ ఆన్ కుట్టు కూడా నిలిచింది. కొత్తగా కొంటే ఇదే పరిమాణం, ఇదే తీరు జిప్పు తీసుకుంటాను. నడుము పట్టీకి మాత్రం కొన్న రోజే మూడు వరుసలు అదనంగా కుట్టిస్తాను. మొన్న సంచిని ఇంట్లోనే వదిలి వచ్చినప్పుడు మా తమ్ముడు దాన్ని ఒక నెలకు అరువు అడిగాడు. ఎక్కడికని అమ్మ అడిగితే ఇంకా అనుకోలేదన్నాడు. ఆ వారం నేను రాజమండ్రి వెళ్ళేసరికి సంచి అటక మీద లేదు. బియ్యం డబ్బా వెనక, నిండా పాత దుప్పట్లు కుక్కి పెట్టి ఉంది.