ఆదివారం ఆట లేని మైదానం: సెయింట్ ఆండ్రూస్

కర్నూలు నుంచి స్కాట్లాండ్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు అక్కడ ఏం చూడాలని నన్ను అడుగుతుంటారు. ఎడిన్‌బరో కోటకు పిల్లలు ఎలాగూ తీసుకెళ్తారు. నేను మాత్రం సెయింట్ ఆండ్రూస్ చూడమంటాను, అదీ ఆదివారమే. గోల్ఫ్ గురించి మీకేమీ తెలియకపోయినా పరవాలేదు. నాకూ, మా ఆవిడకూ తెలియదు.

గోల్ఫ్‌కు పుట్టిల్లని పేరుపడ్డ ఓల్డ్ కోర్స్ అనే మైదానం ఆ ఊరిలోనే ఉంది. మిగతా రోజుల్లో దాన్ని పక్క దారుల నుంచి, బంతులు ఎటు వస్తున్నాయో గమనించుకుంటూ చూడాలి. ఆదివారం మాత్రం, ఏవో పెద్ద పోటీలు ఉంటే తప్ప, ఆట ఉండదు. మైదానమంతా ఊరి పార్కు అయిపోతుంది. టికెట్ లేదు. కుక్కలను తిప్పేవాళ్లు, పసిపిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చే తల్లులు, గడ్డి మీద దుప్పటి పరుచుకుని తినేవాళ్లు కనిపిస్తారు. మేమూ వాళ్ల మధ్యే కూర్చుని, కోడలు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. గ్రీన్‌ల మీద, అంటే జెండాల చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, ఇసుక గుంతల్లో అడుగు పెట్టకుండా ఉంటే చాలు.

ఈ నేల మీద ఊరివాళ్ల హక్కు ఇప్పటిది కాదు. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన పత్రంలో గోల్ఫ్‌తోపాటు ఫుట్‌బాల్‌కూ చోటుంది. కుందేళ్లు పెంచుకునే వీలు మాత్రం ఆయన తన కోసం ఉంచుకున్నారు. ఆ కుందేళ్లే తర్వాత పెద్ద గొడవ తెచ్చిపెట్టాయి. 1797లో అప్పులపాలైన ఊరు ఈ నేలను వదులుకోవడంతో అది కుందేళ్ల వ్యాపారుల చేతికి వెళ్లింది. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి కొని దాన్ని ఆట కోసం నిలబెట్టాడు. ఒకప్పుడు ఆడవాళ్లు ఈ మైదానంలో పారే స్విల్కన్ వాగులో బట్టలు ఉతికి, మన తుంగభద్ర ఒడ్డున ఆరేసినట్టే అక్కడి పొదల మీద ఆరేసేవారట.

ఆ వాగు మీద చిన్న రాతి వంతెన ఉంది. గొర్రెలను దాటించడానికి ఏడు వందల ఏళ్ల కిందట కట్టారని చెబుతారు. పట్టుమని పది అడుగులు వేస్తే దాటేయవచ్చు. "ఏమండీ, దీని మీద మనల్ని నడవనిస్తారా?" అంది మా ఆవిడ. నిరభ్యంతరంగా నడవనిస్తారు. పక్క రాళ్లు చేతికి గరుకుగా, చల్లగా తగిలాయి. 2023లో ఈ వంతెన ముందు కొత్తగా రాళ్లు పరిస్తే, జనం గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజుల్లోనే తీసేశారు. తమ సొత్తును ఇంత పట్టుదలగా కాపాడుకునే ఊరంటే నాకు గౌరవం కలిగింది. మన కర్నూలులో తెల్లవారుజామున నడకకు చోటు వెతుక్కుంటూ కాలేజీ మైదానాల దాకా వెళ్లే పెద్దవాళ్లే గుర్తుకొచ్చారు. పేరున్న ఏ మైదానమైనా వారానికి ఒక్క రోజు ఇలా ఊరికి తలుపులు తెరిస్తే ఎంత బాగుంటుంది!

ఇక బస సంగతి. ఊళ్లో గదులు ఖరీదు. మేం మొదట దిగిన పాత ఇంటి బసలో లిఫ్టు లేదు. ఇరుకు మెట్ల మీద పెట్టెలు మోయలేక మా ఆవిడ మోకాళ్లు పట్టేశాయి. ఇంటివాళ్లు మంచివాళ్లే గానీ, పెద్దవాళ్లకు ఆ గది పనికిరాదు. దగ్గర్లోని డండీ నగరానికి మారాక తక్కువ ధరకే లిఫ్టున్న హోటల్ దొరికింది. అక్కడి నుంచి 99 నంబరు బస్సు నేరుగా సెయింట్ ఆండ్రూస్ వెళుతుంది. ఎడిన్‌బరో నుంచి రైల్లో వచ్చేవాళ్లు లూకర్స్‌లో దిగి ఇదే బస్సు ఎక్కాలి, ఎందుకంటే సెయింట్ ఆండ్రూస్‌కు రైల్వే స్టేషన్ లేదు. బస్సు ఎక్కడానికి వీలుగా ఉంది, డ్రైవరు మేం కూర్చునేదాకా ఆగాడు. ఆదివారం బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి.

కేథడ్రల్ శిథిలాలు బాగున్నాయి, ఒక గంట చాలు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు. కానీ సముద్రపు గాలి మన ఎండలకు అలవాటుపడ్డ ఒంటికి కోత పెడుతుంది. స్వెట్టరు, చెవులు కప్పే టోపీ చేతిసంచిలోనే పెట్టుకోండి.