రీకాల్ చేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీ: తిప్పి పంపాలా, ఉంచేసుకోవాలా?

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. బజారులో నాకొక ఆన్‌లైన్ సెంటరుంది, జెరాక్సులు తియ్యడం, ఉద్యోగాల అప్లికేషన్లు నింపడం, అదే బతుకుతెరువు. అక్కడ ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లు రెండున్నాయి. ఆ మధ్య కంపెనీవాళ్ళ నుంచి మెయిలొచ్చింది, ఫలానా నంబర్ల బ్యాటరీల్లో లోపముంది, రీకాల్ చేస్తున్నాం, అంటే వెనక్కి తీసుకుంటున్నాం, మీ నంబరు సరిచూసుకోండి అని. బ్యాటరీ ఊడదీసి వెనకున్న చీటీ మీది నంబరు కొట్టి చూస్తే మావి రెండూ ఆ జాబితాలోనే ఉన్నాయి. కొత్తవి ఉచితంగానే పంపారు, అవి రావడానికి మూడు వారాలు పట్టింది, ఆ గొడవ తర్వాత చెప్తాను. వాటితో పాటు మడతపెట్టిన అట్టపెట్టెలు రెండు, పాతవి ఇందులో పెట్టి తిప్పి పంపమని ఒక కాగితం.

"ఎందుకు బావా పంపడం? రెండేళ్ళు నిక్షేపంలా పనిచేసింది కదా. ఉంచీ. కరెంటు పోతే పనికొస్తాది" అన్నాడు మా బావమరిది. మా సెంటరు పక్కనే అతని సెల్‌ఫోన్ రిపేరు షాపు.

ఆ మాట తీసిపారేసేది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో, ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. అలాంటి చోట ఇంకో రెండు గంటలు నడిపించే బ్యాటరీ చేతిలో ఉండి, దాన్ని మనమే పెట్టెలో పెట్టి పంపెయ్యమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. పైగా లెక్క కూడా ఉంచుకొనేవాళ్ళ వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. 2006 ఆగస్టులో డెల్ కంపెనీ సోనీ సెల్స్ (ప్యాకు లోపల వరసగా ఉండే చిన్న బ్యాటరీలు) ఉన్న 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీల్ని వెనక్కి పిలిచింది. అప్పటికి అమెరికాలో వాళ్ళకి అందిన ఫిర్యాదులు 6. అదే నెలలో యాపిల్ 18 లక్షలు వెనక్కి పిలిస్తే ఫిర్యాదులు 9, అందులో ఇద్దరికి చిన్నపాటి కాలిన గాయాలు. 41 లక్షల్లో ఆరంటే లాటరీ తగలడం లాంటిదే, నాకే తగులుతుందా అనిపిస్తుంది. నాకూ ఒక పూటంతా అలాగే అనిపించింది.

తర్వాత ఆ లోపం ఏమిటో చదివాక మనసు మారింది. సోనీ సెల్స్ తయారుచేసేటప్పుడు కంటికి కనపడనంత చిన్న లోహపు రజను లోపల పడిపోయింది, అదీ సమస్య. లిథియం సెల్‌లో ప్లస్ వైపు రేకు, మైనస్ వైపు రేకు చుట్టలా చుట్టి ఉంటాయి, వాటి మధ్య వెంట్రుక కన్నా పలచని ప్లాస్టిక్ పొర ఒకటి అడ్డం. ఆ రజను ఎప్పుడో ఒకప్పుడు ఆ పొరని పొడిచిందనుకోండి, లోపలే షార్టవుతుంది, వేడి పుడుతుంది, ఆ వేడికి పొర ఇంకా కరుగుతుంది, ఇక ఆగదు. ఒక సెల్ అంటుకుంటే పక్కదాన్ని అంటిస్తుంది, ప్యాకులో ఆరుంటే ఆరూ వరసగా పోవచ్చు.

బ్యాటరీలో ఎలాగూ సేఫ్టీ సర్క్యూట్ ఉంటుంది కదా అని చాలామంది అంటారు, బావమరిది కూడా అదే అన్నాడు. ఉంటుంది, చార్జింగ్ మోతాదు మించితే ఆపుతుంది, బయట షార్టయితే ఆపుతుంది. సెల్ కడుపులో షార్టయితే ఆ సర్క్యూట్‌కి చెయ్యగలిగింది ఏమీ లేదు, అది బయట కూర్చున్న కాపలావాడు. కాబట్టి "రెండేళ్ళు బాగా పనిచేసింది" అన్న మాటకి ఇక్కడ విలువ లేదు. ఉబ్బకపోయినా, వేడెక్కకపోయినా, గంటలకి గంటలు బ్యాకప్ ఇచ్చినా లోపల రజను ఉందో లేదో రిపేరు షాపు మీటరు చెప్పదు.

ఇక లాటరీ సంగతి. గెలిస్తే నాకొచ్చేది రెండు గంటల కరెంటు. ఓడితే? నా బల్ల మీద చుట్టూ కాగితాలే, జెరాక్సు రీములు, ఎవరెవరివో సర్టిఫికెట్లు. స్పేరు బ్యాటరీ చార్జింగ్ చెయ్యాలన్నా ఆ ల్యాప్‌టాప్‌లోనే పెట్టి చెయ్యాలి, అదీ ఎక్కువగా సాయంత్రం షాపు కట్టేటప్పుడు పెట్టి వెళ్ళిపోతాం. నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీ అంటుకుంటే మంట ఇంకా గట్టిగా ఉంటుంది. నా మట్టుకు ఈ బేరం గిట్టలేదు. కరెంటు పోతుందని భయమైతే ఇన్వర్టర్ కొనుక్కోవాలి, నేను కొనలేదనుకోండి, అది వేరే సంగతి.

కంపెనీలే దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటాయో చూడండి. 2018లో హెచ్‌పీ రీకాల్ చేసినప్పుడు బ్యాటరీలు ల్యాప్‌టాప్ లోపల బిగించి ఉండే రకం, జనం ఊడదియ్యలేరు. అందుకని ఒక అప్‌డేట్ ఇచ్చింది, దాన్ని ఎక్కిస్తే బ్యాటరీ ఖాళీ అయిపోయి మళ్ళీ చార్జింగ్ ఎక్కదు, మార్చేదాకా కరెంటు మీదే నడుపుకోవాలి. 2016లో శాంసంగ్ నోట్ 7 అయితే మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా అంటుకున్నాయి, అప్పుడు తిప్పి పంపడానికి మంటకి తట్టుకొనే పెట్టెలు, చేతికి గ్లౌజులు పంపారు. అయినా ఇవ్వకుండా ఉంచుకున్నవాళ్ళ ఫోన్లలో చివరికి అప్‌డేట్‌తో చార్జింగ్ ఆపేశారు. అందుకే వచ్చిన కొత్త బ్యాటరీ నంబరు కూడా ఒకసారి ఆ రీకాల్ పేజీలో కొట్టి చూసుకోండి, రెండు నిమిషాల పని.

మూడో దారి అమ్మెయ్యడం. ఊళ్ళో చాలామంది చేసేది ఇదే, ఎవరూ పైకి చెప్పరు. పాత ఇనపసామాన్లవాడు కిలో లెక్కన తీసుకుంటాడు, రిపేరు షాపువాడైతే ప్యాకు పగలగొట్టి బాగున్న సెల్స్ ఏరుకుంటాడు. వేలంత లావుండే ఆ గొట్టం సెల్స్‌ని 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. తలకి కట్టుకొనే లైట్లలో, టార్చీల్లో, చేతితో చేసే పవర్ బ్యాంకుల్లో అవే వేస్తారు. నిజం చెప్పాలంటే మామూలు పాత బ్యాటరీల విషయంలో నాకు దీనిమీద అభ్యంతరం లేదు, పని తెలిసినవాడు చేస్తే వస్తువు వృథా పోదు. రీకాల్ బ్యాటరీ మాత్రం అలా చెయ్యకూడదు, ఎందుకంటే ఆ హెచ్చరిక కాగితం నాకొచ్చింది, నా దగ్గరే ఆగిపోతుంది. ప్యాకు మీది నంబరు చీటీ పెంకుతో పాటు చెత్తలోకి పోతుంది, సేఫ్టీ సర్క్యూట్ కూడా దాంతోనే పోతుంది, మిగిలిన సెల్ ఏ లైటులోకి వెళ్ళినా అది ఎక్కడిదో కొన్నవాడికి తెలిసే దారి ఉండదు.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను పెట్టె తియ్యకముందే మా వాడు "చూస్తానుండు బావా" అని ఒక పాత బ్యాటరీ పట్టుకెళ్ళాడు. రెండ్రోజుల తర్వాత అడిగితే ప్యాకు విప్పేశానన్నాడు. ఆరింటిలో మూడు బల్ల మీదున్నాయి, మూడు తలకి కట్టుకొనే లైట్లలోకి ఎక్కాయి, పొలం కాపలాకి రాత్రిళ్ళు వాడే రకం. ఆ లైట్లలో రెండు షాపులోనే ఉన్నాయి, మూడోది అమ్మేశాడు. ఎవరికిరా అంటే "సంతనాడు వచ్చాడు బావా, కాశీనగరం వైపు మనిషి, పేరడగలేదు" అన్నాడు. మేమిద్దరం తర్వాతి సంతకి నిలబడి చూశాం, అతను రాలేదు.

సరే, తిప్పి పంపడం. నా తీర్పు ఇదే, కానీ చెప్పినంత సులువు కాదు, ముఖ్యంగా మాలాంటి సరిహద్దు ఊళ్ళలో. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే హిందీయో ఒడియానో మాట్లాడమంటారు, నాకు రెండూ వచ్చు కాబట్టి సరిపోయింది. పిన్‌కోడ్ చెప్తే పికప్ సర్వీసు లేదన్నారు. పక్కనే పాతపట్నం ఉంది, ఊరు దాటితే ఆంధ్రా, అక్కడ మా అక్కయ్య అడ్రసిస్తానంటే బిల్లు ఒడిశాది, వేరే రాష్ట్రం నుంచి తీసుకోలేమన్నారు. సైకిలు తొక్కుకుంటూ వెళ్ళొచ్చే దూరానికి వేరే రాష్ట్రమట! కొత్తవి రావడానికి మూడు వారాలు పట్టింది కూడా ఇలాంటి గొడవలతోనే. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి, మెయిల్ పెట్టి, కాగితం మీద "పాతది అందకపోతే దాని ధర కట్టాలి" అని రాసి ఉంది కదా, మరి మీరే తీసుకెళ్ళకపోతే ఎలా అని అడిగాక అప్పుడు కదిలారు.

విసుగొచ్చి మామూలు కొరియర్‌లో వేసేద్దామనిపిస్తుంది. అది మాత్రం చెయ్యొద్దు. లోపమున్న లిథియం బ్యాటరీని విమానంలో సరుకుగా పంపడం నిషేధం, రోడ్డు మీదే పోవాలి, కంపెనీ ఇచ్చిన పెట్టె మీద ఆ లేబుల్ ఉంటుంది. మీరు మామూలు పార్సిల్‌లో ఏమీ చెప్పకుండా పెడితే అది భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఏ విమానం ఎక్కుతుందో ఎవరికి తెలుసు. ప్రయాణికుల చేతి సంచీలో కూడా ఇదే రూలు, 2019లో యాపిల్ 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో బ్యాటరీల్ని వెనక్కి పిలిచినప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లతో విమానం ఎక్కొద్దని మన దేశంలో విమానాల రూల్స్ చూసే డీజీసీఏనే చెప్పింది.

పికప్ వచ్చేదాకా ఏం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే పాతది మన దగ్గర వారాల తరబడి ఉంటుంది. నేను చేసింది చెప్తాను. మెయిల్ వచ్చిన రోజే బ్యాటరీలు ఊడదీసి ల్యాప్‌టాప్‌లు కరెంటు మీద నడిపాను, మళ్ళీ చార్జింగ్ పెట్టలేదు. పిన్నులున్న చోట టేపు అంటించాను. ఇంట్లోంచి ఒక మట్టికుండ తెచ్చి పొడి ఇసకలో దాన్ని పాతిపెట్టి వెనక వసారాలో ఎండ, వాన తగలని చోట, కట్టెలకీ గ్యాసు బండకీ దూరంగా పెట్టాను. మా ఆవిడ కుండ పోయిందని ఇప్పటికీ అంటుంది. పొరపాటున పొగ మొదలైతే దగ్గరికెళ్ళి పీల్చొద్దు, ఆ పొగ విషం, దూరం నుంచి నీళ్ళు బాగా పొయ్యాలి, చల్లబడేదాకా పోస్తూనే ఉండాలి.

చెత్తబుట్ట గురించి అడుగుతారేమో, దాని గురించి ఎక్కువ మాటలు అక్కర్లేదు. బ్యాటరీ మీద అడ్డంగా గీతలు కొట్టిన చెత్తడబ్బా బొమ్మ ఉంటుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం మనం దాన్ని మిగతా చెత్తలో కలపకూడదు, సేకరించేవాళ్ళకో రీసైక్లింగ్ చేసేవాళ్ళకో ఇవ్వాలి, వెనక్కి తీసుకొనే బాధ్యత అమ్మిన కంపెనీది. పికప్ కోసం ఫోన్ చేసినప్పుడు ఈ రూలు పేరు ఎత్తండి, నాకైతే పనిచేసింది.

బ్యాటరీ లోపల బిగించి ఉండే ల్యాప్‌టాపయితే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది, సర్వీస్ సెంటరువాళ్ళే మార్చి పాతది ఉంచేసుకుంటారు. అక్కడ "నా పాతది నాకిచ్చెయ్యండి" అని పట్టుబట్టకండి.

మా పికప్ మొన్న బరంపురం నుంచి వచ్చింది. విప్పని బ్యాటరీ పెట్టెలో పెట్టి ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. విప్పింది మాత్రం తీసుకోనన్నాడు ఆ కుర్రాడు, పగలగొట్టినవి ఈ పెట్టెలో పంపకూడదని కాగితం మీదే రాసి ఉంది చూపించాడు. దానికి వేరే ఏర్పాటు చేస్తామన్నారు, ఎదురుచూస్తున్నాను. మా వాడు ఈ సంతకి కూడా వెళ్ళొచ్చాడు. కుండలో ఇప్పుడు ఐదు సెల్స్ ఉన్నాయి.