లెక్కల పరీక్షకు చాప్టర్ వారీగా చేయాలా, అన్నీ కలిపి చేయాలా: ఏది మేలు?

లెక్కల పరీక్ష దగ్గర పడిందంటే చాలామంది పిల్లలు మొదటి చాప్టర్ తెరిచి, అభ్యాసంలోని మొదటి లెక్క నుంచి చివరి లెక్క దాకా వరసగా చేసుకుంటూ పోతారు. అది అయ్యాక రెండో చాప్టర్, తర్వాత మూడోది. నోటుపుస్తకం నిండుతుంది, ఇంట్లో పెద్దవాళ్లకూ బాగా చదువుతున్నాడనే నమ్మకం కలుగుతుంది. ఇంకో దారి కూడా ఉంది. నాలుగైదు చాప్టర్ల నుంచి తలా రెండు లెక్కలు తీసి, వరస లేకుండా కలిపేసి, ఏది ఏ చాప్టర్‌దో రాసుకోకుండా చేయడం. పరీక్షకు ఈ రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే దానికి ఒక షరతు ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు ఈ రెండు లెక్కలు చూడండి. ఒక గంట 12 నిమిషాలకోసారి, ఇంకోటి 18 నిమిషాలకోసారి మోగుతాయి. ఇప్పుడు రెండూ కలిసి మోగితే, మళ్లీ ఎన్ని నిమిషాలకు కలిసి మోగుతాయి? ఇక రెండోది: 12 మీటర్ల తాడు ఒకటి, 18 మీటర్ల తాడు ఒకటి ఉన్నాయి. రెండింటినీ ఏమీ మిగలకుండా ఒకే పొడవున్న ముక్కలుగా కోయాలంటే ఒక్కో ముక్క గరిష్ఠంగా ఎంత పొడవు ఉండొచ్చు? అంకెలు అవే. మొదటిదానికి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కావాలి, జవాబు 36. రెండోదానికి గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) కావాలి, జవాబు 6. క.సా.గు. కట్టడం వచ్చు, గ.సా.భా. కట్టడమూ వచ్చు అనే విద్యార్థి కూడా ఇక్కడ తడబడతాడు. ఎందుకంటే ఇక్కడ అడిగేది కట్టడం గురించి కాదు, ఏది కట్టాలో తేల్చుకోవడం గురించి.

చాప్టర్ వారీగా చేసేటప్పుడు ఈ తేల్చుకునే పని మనకు అసలు పడదు. పైన 'క.సా.గు.' అని హెడ్డింగ్ ఉంటే లెక్క పూర్తిగా చదవకుండానే అందులోని అంకెలు తీసి క.సా.గు. కట్టేస్తాం. ఆరో లెక్కకు వచ్చేసరికి చేయి దానంతట అదే నడుస్తుంది. పరీక్ష పేపర్లో ఆ హెడ్డింగ్ ఉండదు. లంబకోణ త్రిభుజం కనబడితే పైథాగరస్ సిద్ధాంతం వాడాలా, త్రికోణమితి వాడాలా అన్నది ఇచ్చిన వివరాలు చూసి మనమే నిర్ణయించుకోవాలి. వర్గ సమీకరణం కనబడితే కారణాంకాలుగా విడగొట్టాలా, సూత్రంలో వేయాలా అన్నదీ అంతే. 'ఇంట్లో అన్నీ వచ్చాయి, పరీక్షలో ఏమీ తట్టలేదు' అనే పిల్లల మాట చాలాసార్లు నిజమే. ఇంట్లో వాళ్లు ప్రాక్టీస్ చేసింది ఒకటి, పరీక్ష అడిగింది ఇంకోటి.

దీన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు కొన్ని ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పించారు. కొందరు ఒక్కో రకాన్నీ విడివిడిగా చేశారు, కొందరు అన్ని రకాలూ కలిపి చేశారు. ప్రాక్టీస్ జరుగుతున్నప్పుడు విడివిడిగా చేసినవాళ్లదే పైచేయి: వాళ్లకు 89 శాతం, కలిపి చేసినవాళ్లకు 60 శాతం లెక్కలు సరిగ్గా వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే కలిపి చేసినవాళ్లు 63 శాతం తెచ్చుకున్నారు, విడివిడిగా చేసినవాళ్లు 20 శాతానికి పడిపోయారు. తర్వాత రోరర్ బృందం ఏడో తరగతి పిల్లల మీద, 54 క్లాసుల్లో, ఇలాంటి ప్రయోగమే చేసి 2020లో ఫలితాలు ప్రచురించింది. ముందుగా చెప్పకుండా నెల తర్వాత పెట్టిన పరీక్షలో కలిపి చేసినవాళ్లకు 61 శాతం, చాప్టర్ వారీగా చేసినవాళ్లకు 38 శాతం వచ్చాయి.

ఈ అంకెల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ 89, 60 శాతాలు. కలిపి చేస్తే మొదట్లో తప్పులు ఎక్కువ వస్తాయి. టైమ్ ఎక్కువ పడుతుంది. 'నాకు లెక్కలు రావు' అన్న దిగులు మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు కూడా తప్పులు చూసి, మళ్లీ మొదటి నుంచి చాప్టర్ చేయమంటారు. సరిగ్గా అక్కడే మంచి దారి వదిలేసి, హాయిగా అనిపించే దారిలోకి వెళ్లిపోతారు. తల్లిదండ్రులకు ఒక్క మాట: కలిపి చేస్తున్న పిల్లవాడి పేజీలో ఎర్ర గీతలు ఎక్కువ కనబడితే కోప్పడకండి. ఆ తప్పు పరీక్షలో కాకుండా ఇంట్లో బయటపడింది, దిద్దుకోవడానికి ఇంకా రోజులున్నాయి.

ఇక షరతు సంగతి. అసలు నేర్చుకోని పద్ధతిని కలిపి చేయకూడదు. క్లాసు మిస్సయి చక్రవడ్డీ అంటే ఏమిటో తెలియని వాడి ముందు కలగలుపు పేపర్ పెడితే అయోమయం తప్ప ఏమీ మిగలదు. కొత్తగా నేర్చుకునేటప్పుడు చాప్టర్ వారీ పద్ధతే సరైనది. అప్పుడు కూడా నేరుగా లెక్కల మీద పడకుండా, ముందు చేసి చూపించిన ఉదాహరణలు చదవాలి. బీజగణితంలో ఇలా ఉదాహరణలు చదివి నేర్చుకున్నవాళ్లు అదే రకం లెక్కలను త్వరగా, తక్కువ తప్పులతో చేశారని జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లోనే చూపించారు. ఒక ఉదాహరణ చదవడం, వెంటనే అలాంటి లెక్క ఒకటి సొంతంగా చేయడం. ఇలా మూడు నాలుగు తడబాటు లేకుండా వస్తే ఆ రకం వచ్చినట్టే. అక్కడితో ఆపి దాన్ని కలగలుపులోకి తెచ్చేయాలి. అదే రకం పదిహేనోసారి చేసినందువల్ల ఒరిగేది తక్కువ.

చేసిన లెక్కలు చదవడంతోనే ప్రిపరేషన్ అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. చదువుతుంటే ప్రతి స్టెప్పూ అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద మొదటి స్టెప్పు రాయమంటే అప్పుడు తెలుస్తుంది ఎంత వచ్చో. రాసి చేయని లెక్కను వచ్చిన లెక్కగా లెక్కేసుకోవద్దు.

ఒకే రాత్రి ఆరు గంటలు కూర్చోవాలా, ఆరు రోజులు రోజుకో గంట చేయాలా అన్నదాంట్లో పెద్దగా చర్చించేదేమీ లేదు, ఆరు రోజులే మేలు. నిద్ర మానేసి వెళితే వచ్చిన లెక్కలో కూడా గుర్తు తప్పు పడుతుంది.

ఫ్రెండ్స్‌తో కలిసి చదవడం మంచిదే కానీ, ముందు ఎవరి లెక్క వాళ్లు ఒంటరిగా చేసుకుని, ఆ తర్వాత కూర్చుని 'నువ్వు ఈ పద్ధతి ఎందుకు తీసుకున్నావు?' అని ఒకరినొకరు అడిగితేనే లాభం. బాగా వచ్చినవాడు చేస్తుంటే మిగతావాళ్లు చూడటం, గైడ్ చూసి చదవడం లాంటిదే.

కలగలుపు పేపర్ తయారుచేయడం కష్టమేమీ కాదు. పాత పరీక్ష పేపర్లు ఉంటే అవే కలగలుపు. లేకపోతే చీటీల మీద చాప్టర్ పేరు లేకుండా ఒక్కో లెక్క రాసి, కలిపి, తీసినదల్లా చేయాలి. టైమ్ బాగా తక్కువ ఉంటే లెక్క పూర్తిగా చేయకుండా 'దీనికి ఏ పద్ధతి, ఎందుకు' అని ఒక లైన్ రాసి ముందుకు పోవచ్చు. తప్పిన ప్రతి లెక్క పక్కన కారణం రాసుకోవాలి: పద్ధతే తప్పు పట్టుకున్నానా, పద్ధతి సరైనదై మధ్యలో ఆగిపోయానా, కూడికలో పొరబడ్డానా? మొదటి రకం తప్పులు ఎక్కువైతే కలగలుపు ఇంకా కావాలి. రెండో రకం ఎక్కువైతే ఆ ఒక్క చాప్టర్‌కు వెనక్కి వెళ్లి ఉదాహరణలు చూడాలి. మూడో రకానికి వేగం తగ్గించి, జవాబును ప్రశ్నలో వేసి సరిచూసుకోవాలి. పరీక్ష ముందు రోజు సాయంత్రం కొత్త లెక్కలేవీ వద్దు, ఈ తప్పిన లెక్కల్లోంచే నాలుగైదు తీసి పుస్తకం చూడకుండా మళ్లీ చేయండి.