పాత లిస్టర్ 6/1 ఇంజన్: చక్రాలు బంగారం, గొడవంతా కీ దగ్గరే

ఇంట్లో కరెంటు కోసం పాత డీజిల్ ఇంజన్ కొనాలనుకునేవాళ్లు ముందు పొగ గురించి అడుగుతారు, తర్వాత డీజిల్ ఎంత తాగుతుందని అడుగుతారు. ఫ్లైవీల్ కీ, అంటే ఇంజన్ పక్కనుండే బరువైన చక్రాన్ని షాఫ్ట్‌కి బిగించి పట్టుకునే ఇనుప ముక్క, ఎలా ఉందని అడిగినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. నాకు ఈ ఇంజన్‌తో వచ్చిన అసలు తలనొప్పి అదే. అందుకే మిగతావి పైపైన చెప్పి, దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

నా దగ్గరున్నది లిస్టర్ సీఎస్ రకం 6/1. ఆరు హార్స్‌పవర్, ఒక్క సిలిండర్, 650 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 650 చుట్లు. ఇంగ్లండ్‌లోని డర్స్‌లీలో 1930 ప్రాంతంలో మొదలైన డిజైన్ ఇది. ఆ వరసలోనే 5/1 రకం 600 ఆర్‌పీఎం మీద, 8/1 రకం 850 మీద తిరుగుతాయి. తర్వాత రాజ్‌కోట్‌లో దీనికి బోలెడన్ని నకళ్లు తయారయ్యాయి, వాటిలో 1000 ఆర్‌పీఎం మీద తిరిగేవీ ఉన్నాయి. కాబట్టి ఇత్తడి ప్లేటు చూసి మురిసిపోవద్దు. ఒక ఇంజన్ ప్లేటు పీకి ఇంకో దానికి కొట్టడం ఎంతసేపు! నేనైతే కొలతలనే నమ్ముతాను. 6/1కి బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 114.3 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 139.7. హెడ్ పక్కన చేత్తో తిప్పే చిన్న చక్రం ఉంటే అది కంప్రెషన్ మార్చే వాల్వు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడానికి దాన్ని లోపలికి బిగించాలి, వేడెక్కి లోడు పెరిగాక వదలాలి. చాలా నకళ్లలో అది ఉండదు. నకలైనంత మాత్రాన పనికిరాదని కాదు. కానీ క్రాంక్‌కేస్ (షాఫ్ట్, ఆయిల్ ఉండే కింది పెట్టె) తలుపు తీసి మూలల్లో వేలు పెట్టి చూడండి. పోత పోసినప్పటి ఇసుక కొన్నిటిలో అలాగే ఉండిపోతుంది, అది ఆయిల్లో కలిసిందంటే బేరింగులకు మూడినట్టే.

ఇక చక్రాలు. రెండు వైపులా రెండు, ఒక్కోటి వంద కిలోలకు పైమాటే. ఈ ఇంజన్ మీద నాకున్న ప్రేమంతా వాటి మీదే. వాల్వు ఎత్తిపెట్టి హ్యాండిల్ తిప్పుతూ ఊపు అందుకున్నాక లివర్ వదిలితే, కంప్రెషన్ దాటించే పని అవే చూసుకుంటాయి. నీళ్ల మోటారు ఆన్ చేసినప్పుడు చిన్న జెనరేటర్లు మూలుగుతాయి, బల్బులు ఒక్కసారి కళ్లు మూస్తాయి. ఇక్కడ అది చాలా తక్కువ. వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ తేరుకుని డీజిల్ ఎక్కువ అందించేలోపు చక్రాల్లో ఉన్న ఊపే ఆ దెబ్బ కాస్తుంది.

అలా సాఫీగా నడుస్తుండగా ఒకరోజు కొత్త శబ్దం మొదలైంది. టక్ టక్‌మని, అది కూడా ఒక పద్ధతీ పాడూ లేకుండా. మెకానిక్ విని క్షణం కూడా ఆలోచించలేదు. ‘బిగ్ ఎండ్ పోయింది సార్, ఆపేయండి’ అన్నాడు. బిగ్ ఎండ్ అంటే పిస్టన్ కడ్డీ షాఫ్ట్‌ని పట్టుకునే చోటి బేరింగ్. పక్క తలుపు తీస్తే అది చేతికి అందడం ఈ ఇంజన్లో ఉన్న సుఖం. క్యాప్ విప్పాం. బేరింగ్ మీద గీత లేదు, షాఫ్ట్ నున్నగా మెరుస్తోంది. బిగించి స్టార్ట్ చేస్తే మళ్లీ అదే శబ్దం. అనుమానం పిస్టన్ పిన్ను మీదికి పోయింది, అక్కణ్నుంచి టైమింగ్ మీదికి, చివరికి డీజిల్ చిమ్మే నాజిల్ మీదికి. నాజిల్ మార్చాక పొగ బాగా తగ్గింది గానీ శబ్దం మాత్రం పోలేదు.

ఆచూకీ దొరికింది ఇంజన్ ఆపేటప్పుడు. డీజిల్ కట్ చేశాక చక్రాలు చాలాసేపు ఊరికే తిరుగుతాయి. చివర్లో కంప్రెషన్ దాటే బలం చాలక వెనక్కి ఊగుతాయి, మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. అలా దిశ మారిన ప్రతిసారీ ఖణేల్‌మని వినబడింది. లోపల మంటే లేనప్పుడు బిగ్ ఎండ్ అంత గట్టిగా ఎందుకు కొట్టుకుంటుంది? పైగా ఆ శబ్దం వస్తున్నది క్రాంక్‌కేస్ లోంచి కాదు, బెల్టు పుల్లీ లేని వైపు చక్రం దగ్గర్నుంచి.

టార్చి వేసి చూస్తే హబ్ (చక్రం మధ్యలో షాఫ్ట్ దూరే భాగం) దగ్గర, కీ చుట్టూ, ఆయిల్ జిడ్డులో ఇటుక పొడి లాంటి ఎర్రటి మరక. బిగువు పోయి ఇనుము ఇనుముతో సన్నగా రాసుకుంటుంటే రాలే తుప్పు పొడి అది. చూపుడు వేలు సగం షాఫ్ట్ మీద, సగం హబ్ మీద ఆనించి, చక్రాన్ని కంప్రెషన్ మీదికి అటూ ఇటూ ఊపమని మెకానిక్‌కి చెప్పాను. కంటికి ఏమీ కనపడలేదు, వేలికి మాత్రం కదలిక స్పష్టంగా తెలిసింది.

కీ పీకడం ఒక పెద్ద యజ్ఞం. చక్రం కింద చెక్క దిమ్మలు పెట్టి, రాత్రంతా కిరోసిన్‌లో నాననిచ్చి, మర్నాడు హబ్‌ని కాస్త వేడి చేసి, కీ తలకీ హబ్‌కీ మధ్య మేకు దిగ్గొడితే అంగుళం అంగుళం బయటికొచ్చింది. వచ్చాక కోపం నషాళానికి అంటింది. కీ కింద డబ్బా రేకు ముక్క! కీ వదులైతే కొత్తది చేయించకుండా, రేకు కత్తిరించి అడుగున పెట్టి, సుత్తితో బాదేసి, పైన మందంగా పెయింటు కొట్టారు. ఎవరి పనో తెలియదు. నాకు అమ్మినాయనకు కూడా తెలిసి ఉండకపోవచ్చు.

కొత్త కీ లేత్ దగ్గర చేయించినా, కూర్చోబెట్టే పని చేత్తోనే చేయాలి. ఈ కీలకు వందకి ఒకటి వాలు ఉంటుంది. రంగు పూసి లోపలికి తట్టడం, తీయడం, ఎక్కడ ఆనిందో చూసి అక్కడ ఆకురాయితో రాయడం, మళ్లీ రంగు. పైనా కిందా పొడుగునా ఆనేదాకా ఇదే వరస. చివరికి బిగించేటప్పుడు కీ తల హబ్‌కి అంటుకోకుండా కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే తర్వాత పీకడానికి సందే దొరకదు. ఆ బయటికి పొడుచుకొచ్చిన తల లుంగీనో చీర కొంగునో అందుకుందంటే ఇక అంతే, కాబట్టి దానికి రేకు కవరు తప్పనిసరి. అదృష్టం బాగుండి హబ్‌లో పగులు లేదు. కీవే (కీ కూర్చునే గాడి) మూల నుంచి వెంట్రుకంత పగులు ఉన్నా ఆ చక్రాన్ని పాత ఇనుములో వేయాల్సిందే. వెల్డింగ్ పెట్టిన పోత ఇనుప చక్రాన్ని ఇంటి పక్కన తిప్పడం ప్రాణాలతో చెలగాటం.

కొనడానికి వెళ్లేవాళ్లు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూపించమని అడగాలన్న సంగతి అందరికీ తెలిసిందే. దాంతో పాటు హబ్‌ల దగ్గర కూర్చుని చూడండి. కీ తల మీద సుత్తి దెబ్బలు, హబ్ చుట్టూ పంచ్ గుర్తులు, మిగతా ఇంజన్ పాతగా ఉండి అక్కడొక్కచోటే తాజా పెయింటు, ఇవన్నీ అనుమానించాల్సినవే. కీ తల విరిగిపోయి ఉంటే ధర ఎంత తగ్గించినా ఆలోచించాలి. నడుస్తున్నప్పుడు అంచుకు దగ్గరగా సుద్దముక్కని కదలకుండా పట్టుకుంటే చక్రం వంకర ఎంతుందో తెలుస్తుంది. ఆపేటప్పుడు మాటలాపి, చివరి ఊగుడు దాకా వినండి.

చక్రాలను అంత పొగిడాను గానీ, అది మోటార్లు తట్టుకునే దాకానే. దీపాల సంగతి వేరు. 650 ఆర్‌పీఎం మీద ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కి నిమిషానికి 325 పవర్ స్ట్రోకులు, అంటే సెకనుకు ఐదు చిల్లర. ఆ వేగంతో వెలుగు రెపరెపలాడితే కంటికి ఇట్టే తెలిసిపోతుంది. మామూలు బల్బు కింద చదవాలంటే నాకు తలనొప్పి వచ్చేది, మంచి ఎల్‌ఈడీలతో చాలావరకు తగ్గింది. దీపాల కోసం అమ్మిన సెట్లకు ఆకుల్లేని, ఇంకా బరువైన గట్టి చక్రాలు వేసింది ఇందుకే. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ షాఫ్ట్ మీద చిన్న చక్రం వేసుకునేవాళ్లూ ఉన్నారు. అది 1500 మీద తిరుగుతుంది కాబట్టి అదే చక్రం అక్కడ ఇంజన్ మీదకంటే ఐదు రెట్లకు పైగా శక్తిని పట్టి ఉంచుతుంది. కాకపోతే ఆ వేగానికి తగిన చక్రమే అయ్యుండాలి, దొరికిందల్లా తగిలించకూడదు.

నేను మాత్రం ఇంకో దారి పట్టాను. ఇప్పుడు ఇంజన్‌తో బ్యాటరీలు చార్జ్ చేస్తాను, ఇల్లు ఇన్వర్టర్ మీద నడుస్తుంది. రెపరెప పోయింది. రెండు బల్బుల కోసం రాత్రంతా తిప్పే అవస్థ కూడా తప్పింది. తక్కువ లోడు మీద గంటల తరబడి నడిస్తే డీజిల్ సరిగ్గా కాలక మసి పట్టేస్తుంది. ఆరు హార్స్‌పవర్ అంటే బెల్టు, ఆల్టర్నేటర్ నష్టాలు పోగా నిలకడగా మూడు కిలోవాట్లు లెక్కేసుకోండి. ఆ దగ్గర్లో నడిపితే యూనిట్‌కి అర లీటరు లోపే తాగుతుంది.

కొనమంటారా అంటే, మీ పరిస్థితి చూసుకోండి. నాకు ఇంటికి దూరంగా షెడ్డు వేసుకునే చోటుంది, పిలిస్తే పలికే లేత్ మిత్రుడున్నాడు, చేతులకు జిడ్డయితే నాకు చిరాకు లేదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో అయితే ఆ అదురూ ఆ పొగగొట్టం చప్పుడూ పక్కవాళ్లు భరించలేరు. రోజంతా కరెంటు కావాల్సినవాళ్లకి సోలార్ పెట్టి, దీన్ని ముసురు రోజులకు ఉంచుకోవడమే నయం.

నా ఇంజన్‌కి పుల్లీ వైపు కీ ఇంకా పాతదే. దాని తల హబ్‌కి అతుక్కుపోయి ఉంది, లాగబోతే విరిగేలా ఉంది. ఆయిల్ మార్చినప్పుడల్లా టార్చి వేసి చూస్తున్నాను. ఎర్రపొడి కనపడనంత కాలం దాని జోలికి పోను.