ఒంగోలులో రెండు రోజుల బైబిల్ రాతప్రతుల సదస్సు: వెళ్లొచ్చినవాళ్లలో ఒకరి మాట

కావలి నుంచి తెల్లవారుజాము బస్సుకి బయల్దేరి వెళ్లాను. రిజిస్ట్రేషన్ 500 రూపాయలు, భోజనం, టీలు అందులోనే. డబ్బు దండగ కాదు కదా అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు కాబట్టి ముందే చెప్తున్నా, దండగ కాదు. కాకపోతే మొదటి పూట ఓపిక పట్టాలి.

పదింటికి అని పిలిచి పదకొండున్నరకి మొదలుపెట్టారు. శాలువాలు, పరిచయాలు అయ్యాక ఇంగ్లిష్ స్లయిడ్లు ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ పోయారు. నా పక్కన పామూరు వైపు నుంచి వచ్చిన ఒక పాస్టర్ గారు కూర్చున్నారు, "ఏమంటున్నారమ్మా?" అని నన్ను రెండుసార్లు అడిగారు. నాకు బాధేసింది. ఒకే రచనకి ప్రతి ప్రతికీ మాట మారితే దాన్ని పాఠాంతరం అంటాం, ఆ మాట మనకి లేదా? తిక్కన గారి భారతం తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టుకుని, ఏ ప్రతిలో ఏ మాట ఉందో సరిచూసి పాఠం తేల్చినవాళ్లు మన పండితులే. నెల్లూరు, ప్రకాశం వాళ్లకి ఆ ఒక్క పోలిక చెబితే సగం సబ్జెక్టు అక్కడే అర్థమవుతుంది.

మధ్యాహ్నం మాత్రం మనసు నిండిపోయింది. ఒక పేరా ఇచ్చి పదిహేను నిమిషాల్లో ఎత్తిరాయమన్నారు. రెండు వరుసల చివర "చెప్పెను" అని ఉంది, నా కన్ను మొదటి "చెప్పెను" నుంచి రెండోదానికి దూకేసింది, మధ్యలో వాక్యం మొత్తం పోయింది. పాస్టర్ గారు ఒకచోట 'మ'కి బదులు 'య' రాశారు. తర్వాత నా కాగితం వెనక వరసలో ఒక అబ్బాయికిచ్చి, దాన్ని చూసి రాయమన్నారు. చివరికి ఆరు కాగితాలు బల్ల మీద పరిచి అసలు పేరా ఏదో తేల్చమన్నారు. నలుగురి దాంట్లో ఆ వాక్యం ఉంది, నా దాంట్లోనూ ఆ అబ్బాయి దాంట్లోనూ లేదు. నలుగురికి ఇద్దరు అని లెక్కేస్తే తప్పు, ఎందుకంటే అతను రాసింది నాది చూసే, మా ఇద్దరిదీ కలిపి ఒకటే సాక్ష్యం. ప్రతులు ఎన్ని ఉన్నాయని కాదు, ఏది దేన్ని చూసి రాశారో చూడాలన్నది అక్కడ చేత్తో తెలిసింది. ఈ పని ఒక పూట కాదు, ఒక రోజంతా పెట్టాల్సింది.

రెండో రోజు వాటికన్ ప్రతిలోని (నాలుగో శతాబ్దం నాటి గ్రీకు బైబిల్ రాతప్రతి) ఒక పేజీ తెర మీద చూపించారు. పేజీకి మూడు నిలువు వరుసలు. మార్కు సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో రెండో వరుసలో ఆగిపోయింది, మూడో వరుస మొత్తం ఖాళీ. అదే కాలం నాటి ఇంకో గ్రీకు ప్రతి, సీనాయి ప్రతిలో కూడా మన బైబిల్లో ఉన్న 9 నుంచి 20 వచనాలు లేవని చెప్పగానే ఒక పెద్దాయన లేచి, "అయితే అవి తీసేయాలా బాబూ?" అన్నారు. గొంతు వణికింది. ఆ మాట్లాడే ఆయన తొందరపడలేదు. ఆ వచనాలు చాలా ఎక్కువ ప్రతుల్లో ఉన్నాయని, రెండో శతాబ్దంలోనే ఇరేనియస్ అనే బిషప్పు వాటిలో ఒకటి తన రచనలో ఉదహరించారని, ఇందులో దాచిపెట్టింది ఏమీ లేదని, రెండు వైపుల సాక్ష్యాన్నీ విడమరిచి చెప్పారు. పెద్దాయన కూర్చుని నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. నేను ఆదివారం పిల్లలకి పాఠం చెప్తాను, అంత నిజాయితీగా ఆ ప్రశ్నకి జవాబు ఇదివరకు వినలేదు.

ఒక లోటు చెప్పకుండా ఉండలేను. 1854 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ గారు ప్రార్థన చేసిన కొండ ఉన్న ఊరు ఇది. తెలుగు బైబిల్ సవరణకి ఆయన పనిచేశారు. తెలుగులో కొత్త నిబంధన అచ్చయి 200 ఏళ్లు దాటింది. ఆ అనువాదాల మీద ఒక్క గంట కూడా పెట్టలేదు. ఒంగోలులో పెట్టిన సదస్సులో ఇది ఉండి తీరాలి.

భోజనం బాగుంది, ఫ్యాన్లు చాల్లేదు. ఐదుకి నాలుగు ఇస్తాను.

తర్వాతిది నెల్లూరులో పెడతామంటున్నారు. వెళ్లేవాళ్లు ఒక భూతద్దం తీసుకెళ్లండి. సీనాయి ప్రతిలోని ఒక పేజీ జిరాక్స్ ఇస్తారు, అందులో మాటల మధ్య ఖాళీలుండవు. యేసు పేరు రెండే అక్షరాలకి కుదించి పైన చిన్న గీత గీసి ఉంటుంది. నాకు అది కనిపించడానికి పది నిమిషాలు పట్టింది, కనిపించాక చాలాసేపు అక్కడి నుంచి వేలు తీయలేకపోయాను.