తాటాకు కట్టకు ఏ ట్యాగులు? మార్క్, డబ్లిన్ కోర్, టీఈఐలలో ఏది మేలు

చిత్తూరులో చిన్న గ్రంథాలయం చూసుకునే మిత్రుడు ఒకరోజు ఫోను చేశాడు. "అన్నా, కేటలాగును కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. మార్క్ పెట్టుకోవాలా, డబ్లిన్ కోర్ సరిపోతుందా, లేక ఆ టీఈఐ ఏదో నేర్చుకోవాలా?" ఈ మూడూ పుస్తకాల వివరాలకు, ఏది ఏమిటో చెప్పే గుర్తులు (ట్యాగులు) వేసి కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసే పద్ధతులు. అతని దగ్గర 4,000 అచ్చు పుస్తకాలు, 40 తాటాకు కట్టలు ఉన్నాయి. ఫోనులో తేలే సంగతి కాదు, ఒక కట్ట వివరాలు రాసుకుని తిరుపతికి రమ్మన్నాను. ఆ కట్ట ఎలాంటిదంటే, నేను వెతికినా అంతకంటే మంచి పరీక్ష దొరికేది కాదు.

రెండు చెక్క పలకల మధ్య ఒకే తాడుకు గుచ్చిన మూడు గ్రంథాలు. మొదటిది పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం. రెండోది ఎవరో స్థానిక కవి రాసుకున్న శతకం, చివర పేరు ఉంది. మూడోది వైద్యం, కర్త ఎవరో తెలియదు. ఆఖరి ఆకు మీద లేఖకుడు "విరోధి నామ సంవత్సరం" అని నెల, తిథి, వారం వేసి ముగించాడు.

ముందు డబ్లిన్ కోర్‌తో మొదలుపెట్టాం, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. ఈ డబ్లిన్ ఐర్లండ్‌ది కాదు, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఊరు. 1995లో అక్కడ జరిగిన సమావేశంలో పుట్టింది కాబట్టి ఆ పేరు. మొత్తం 15 గడులు: శీర్షిక, కర్త, తేదీ, భాష, విషయం, ఇలా. అరగంటలో ఎవరికైనా నేర్పవచ్చు. డీస్పేస్ లాంటి డిజిటల్ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు దీని మీదే నడుస్తాయి. ఏ గడినైనా ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు, ఖాళీగానూ వదిలేయవచ్చు.

మా కట్టకు మూడు శీర్షికలు వచ్చాయి, ఇద్దరు కర్తలు వచ్చారు. ఏ శీర్షిక ఏ కర్తదో చెప్పే దారి ఆ 15 గడుల్లో లేదు. రికార్డు చూసినవాళ్ళు పోతన వైద్యం కూడా చేశాడనుకున్నా తప్పుపట్టలేం. మూడు గ్రంథాలకు మూడు రికార్డులు, కట్టకు నాలుగోది చేసి, ఇది దానిలో భాగం అని కలపవచ్చు. అప్పుడు మాత్రం "అరగంటలో నేర్పవచ్చు" అన్న మాట వెనక్కి తీసుకోవాలి.

దీని దెబ్బ నేను ముందే తిన్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక గ్రంథాలయంలో 600 పుస్తకాలు డబ్లిన్ కోర్‌లో ఎక్కించాం. అనువాదకుడు, పరిష్కర్త, పీఠిక రాసినవారు, అందరినీ "సహకర్త" అనే ఒకే గడిలో కూర్చోబెట్టాం. తరవాత ఒక పరిశోధక విద్యార్థి వచ్చి "వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన పుస్తకాలు మాత్రమే కావాలి, పీఠిక రాసినవి వద్దు" అంది. బీరువాలు తెరిచి పుస్తకాలన్నీ మళ్ళీ దించాం.

మార్క్ సంగతి వేరు. 1960లలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రామ్ అనే ప్రోగ్రామర్ తీర్చిదిద్దిన పద్ధతి ఇది. కేటలాగు కార్డుల్లోని సమాచారాన్ని అయస్కాంతపు టేపుల మీదికి ఎక్కించడానికి పుట్టింది. ఎక్స్‌ఎంఎల్ అనే ట్యాగుల భాష ప్రమాణంగా వెలువడింది 1998లో, అంటే దీనికి 30 ఏళ్ళ తరవాత. ఇప్పుడు మార్క్‌కూ ఎక్స్‌ఎంఎల్ వేషం ఉంది కానీ లోపలి మనిషి పాతవాడే, మాటలకంటే అంకెలు ఎక్కువ పలుకుతాడు. 100 అంటే కర్త, 245 అంటే శీర్షిక, 650 అంటే విషయం. మొదట చిరాకు పుడుతుంది. నెల తిరిగేసరికి లైబ్రేరియన్లు "ఆ పుస్తకం 245 సరిచూడు" అని మామూలుగా మాట్లాడుకుంటారు.

అచ్చు పుస్తకాలకు మార్క్‌ను మించింది నాకు కనిపించలేదు. పరిష్కర్తను పరిష్కర్తగానే, అనువాదకుడిని అనువాదకుడిగానే గుర్తిస్తుంది. అన్నమయ్య, అన్నమాచార్యులు, తాళ్ళపాక అన్నమాచార్య అని మూడు రకాలుగా అచ్చయిన పేర్లను ఒకే స్థిర రూపం కిందికి తెస్తుంది. ఇంగ్లీషు లిపిలో ఉన్న శీర్షిక పక్కనే 880 గడిలో తెలుగు లిపి శీర్షికను జంటగా కట్టవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇతర గ్రంథాలయాలు చేసి పెట్టిన రికార్డులను తెచ్చుకోవచ్చు. పేరున్న ప్రచురణలకు మొదటినుంచీ రాయనక్కరలేదు, తెచ్చుకుని సరిదిద్దుకుంటే చాలు. న్యూజిలాండ్‌లో పుట్టిన కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఇదంతా జరుగుతుంది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. తిరుపతి చుట్టుపక్కలవాళ్ళకు ఆ మాట వివరించనక్కరలేదు.

కట్టను కూడా మార్క్‌లో పెట్టి చూశాం. కర్త తెలిసిన రెండు గ్రంథాలకూ 700 గడుల్లో కర్తా శీర్షికా జతగా, మూడోదానికి వేరే గడిలో శీర్షిక మాత్రమే వేయవచ్చు, పోతనకు వైద్యం అంటుకోదు. కానీ ఏ గ్రంథం ఏ ఆకు నుంచి ఏ ఆకు దాకా ఉంది, ఏ ఆకు విరిగింది, ఎక్కడ పురుగు తిన్నది అన్నవన్నీ చివరికి 500 అనే సాధారణ గమనికలోకి పోతాయి. ఇంట్లో అటక లాంటిది ఆ గడి. అన్నీ పడతాయి, కావలసినప్పుడు ఏదీ చేతికి రాదు.

ఇక టీఈఐ, అంటే టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్. ఇప్పుడు దీన్ని ఎక్స్‌ఎంఎల్‌లోనే రాస్తారు. 1987లో న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ కళాశాలలో మొదలైన ప్రయత్నం. దీనికి రెండు ముఖాలు. ఒకటి రాతప్రతి వివరణ: గ్రంథం తరవాత గ్రంథం, ప్రతిదానికీ ఆకుల సంఖ్య, కర్త, ఆరంభవాక్యం, ముగింపు, అన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. రెండోది పాఠానికే ట్యాగులు వేయడం. చెరిగిపోయిన అక్షరానికి ఒక గుర్తు, అనుమానంగా చదివినదానికి ఒకటి, పరిష్కర్త ఊహించి పూరించినదానికి ఇంకొకటి.

తిరుమల ఆలయంలో దొరికిన తాళ్ళపాకవారి రాగిరేకులనే తీసుకోండి. సంకీర్తనలకు తలకట్టుగా రాగం పేరు చెక్కారు. కేటలాగు ఎంత గొప్పదైనా సంపుటం దగ్గర ఆగిపోతుంది. ముఖారిలో ఉన్నవన్నీ ఒకచోట చూపించమంటే, పాఠంలో రాగానికి ట్యాగు వేసినవాడే చూపించగలడు. 1939లో దేవస్థానం నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థ, తరవాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భాగమై, ఉన్న ఊరు మాది. ఇక్కడ ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్ళకు కొదవ లేదు.

మిత్రుడికి ఇక్కడే అనుమానం వచ్చింది. "ఎక్స్‌ఎంఎల్‌లో ఒక పెట్టెలో తెరిచినది అదే పెట్టెలో మూయాలి కదా. పద్యం ఈ ఆకు మీద మొదలై అవతలి ఆకు మీద పూర్తయితే?" అసలైన ప్రశ్న అది. తాటాకు మీద రాసేవాడు పద్యం కోసం ఆగడు, ఆకు నిండేదాకా రాసుకుపోతాడు. పద్యం ఒక పెట్టె, ఆకు ఒక పెట్టె అనుకుంటే రెండూ అడ్డంగా తెగుతాయి. అందుకే టీఈఐలో పద్యాన్నే పెట్టెగా ఉంచి, ఆకు మారిన చోట పీబీ అనే ఖాళీ ట్యాగును దారిపక్క మైలురాయిలా పాతుతారు.

ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా అని కూడా అడిగాడు. ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకుంటుంది, <పద్యం> అని రాసినా చెల్లుతుంది. నాకూ ఒకప్పుడు ఆ మోజు ఉండేది. కానీ మన ట్యాగు మన యంత్రానికే తెలిస్తే మిగతా ప్రపంచానికి మళ్ళీ తాళం వేసిన బీరువాయే.

టీఈఐకి ఖరీదు ఉంది, డబ్బులో కాదు, రోజుల్లో. ఒక్క కట్ట వివరణకే నాకు రెండు పూటలు పట్టింది. శతకం పాఠం మొత్తం ట్యాగులతో ఎక్కించాలంటే వారాల పని. చెప్పడానికి సొంపుగా ఉందని నలభై కట్టలూ నెత్తికెత్తుకుంటే ఒక్కటీ పూర్తికాదు.

అతనికి నేను చెప్పింది ఇది. అచ్చు పుస్తకాలు కోహాలో, మార్క్‌లో. 40 కట్టలకూ టీఈఐలో వివరణ మాత్రమే. పూర్తి పాఠం అచ్చుకాని శతకానికి చాలు. గజేంద్రమోక్షం ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు, మనం మళ్ళీ కొట్టనక్కరలేదు. డబ్లిన్ కోర్‌ను చేత్తో నింపవద్దు. ఇతర గ్రంథాలయాలు మన రికార్డులను తమ కేటలాగుల్లోకి సేకరించుకునే ఓఏఐ పద్ధతికి అది తప్పనిసరి, నిజమే. కానీ మార్క్ నుంచీ టీఈఐ నుంచీ దాన్ని యంత్రమే తీసి ఇస్తుంది. వడ్లు దంచితే బియ్యం వస్తాయి, బియ్యాన్ని ఎంత ఆరబోసినా వడ్లు కావు.

చివరికి తేదీ మిగిలింది. విరోధి అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. ఆకుల తీరు చూస్తే 1829-30 కావచ్చు, 1889-90 కావచ్చు. డబ్లిన్ కోర్ గడిలో రెండూ రాస్తే మనిషి చదువుతాడు, యంత్రం వరుసలో పెట్టలేదు. టీఈఐలో "దీనికి ముందు కాదు, దీని తరవాత కాదు" అని రెండు హద్దులు వేసి, లేఖకుడి మాటను ఉన్నది ఉన్నట్టు పక్కన ఉంచాం. తిథీ వారమూ రెండూ ఉన్నాయి కాబట్టి పంచాంగ గణితం తెలిసినవారు ఏ విరోధిలో ఆ రెండూ కలుస్తాయో లెక్క వేయగలరు. మిత్రుడు ఆ ఆకు నకలు పట్టుకుని సంస్కృత విశ్వవిద్యాలయంలో జ్యోతిషం చెప్పే ఒక అధ్యాపకుడి దగ్గరికి వెళ్ళాడు. జవాబు వచ్చాక టీఈఐ ఫైలులో ఒక హద్దు మారిస్తే చాలు, డబ్లిన్ కోర్ రికార్డును యంత్రమే మళ్ళీ తీసి ఇస్తుంది.