ఓష్‌కోష్ విమానోత్సవంలో గుడారాల బస: వైఫైని ఎంతవరకు నమ్మవచ్చు?

విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కోష్‌లో, విట్‌మన్ విమానాశ్రయం ఆవరణలో ఏటా జులై చివర జరిగే ఎయిర్‌వెంచర్‌కు వెళ్లదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది ఎక్కడ బస చేయాలన్నది. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ 1970 నుంచి ఓష్‌కోష్‌లో నిర్వహిస్తున్న ఈ ఉత్సవానికి ఇటీవలి సంవత్సరాల్లో 6 లక్షలకు పైగా సందర్శకులు, సుమారు 10,000 విమానాలు వస్తున్నాయి. ఆ తాకిడికి ఊళ్లోని హోటళ్లు చాలవు. ఆ వారం విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో గదులు అద్దెకు దొరుకుతాయి గానీ, తెల్లవారుజామున ఇంజన్ల చప్పుడుకు మేల్కొనడమే యాత్రలో సగం ఆనందం అనుకునే నాలాంటివారికి గుడారమే సరైనది.

వాహనంలో వచ్చేవారు క్యాంప్ స్కాలర్ అనే బస మైదానంలో దిగుతారు. సొంత విమానంలో వచ్చేవారిలో చాలామంది నార్త్ 40 మైదానంలో విమానం రెక్క పక్కనే గుడారం వేసుకుంటారు. స్నానపు గదులు, నీరు, దుకాణాల విషయంలో క్యాంప్ స్కాలర్ మీద నాకు ఫిర్యాదు ఏదీ లేదు. అక్కడ ఆలోచించి చూసుకోవలసిన వసతి ఇంటర్నెట్ ఒక్కటే.

గుడారంలో కూర్చుంటే నా ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా కనిపించేది, అయినా ఒక్క పేజీ తెరుచుకునేది కాదు. ఎత్తైన స్తంభం మీది పరికరం గట్టిగా ప్రసారం చేస్తుంది కాబట్టి ఫోన్‌కు దాని మాట వినిపిస్తుంది. ఫోన్ బలహీనంగా పంపే జవాబు మాత్రం అంత దూరం చేరదు, లేదా చుట్టుపక్కల సందడిలో కలిసిపోతుంది. మధ్యలో అల్యూమినియం గోడల మోటారు ఇళ్లు (లోపలే బస చేసేలా అమర్చిన పెద్ద వాహనాలు) వరుసగా నిలిచి ఉంటే సంకేతం వాటికి తగిలి వెనక్కు మళ్లుతుంది, వానకు తడిసిన చెట్ల ఆకులు మరికొంత మింగేస్తాయి. అందుకే సాయంత్రమయ్యేసరికి మడత కుర్చీలు పట్టుకుని జనం స్తంభం కిందికే చేరేవారు. ఒక పెద్దాయన ఐప్యాడ్‌ను మోకాళ్ల మీద పెట్టుకుని, మర్నాటి ప్రయాణానికి వాతావరణ పటం పూర్తిగా వచ్చేదాకా కదలకుండా కూర్చోవడం చూశాను.

ఇలాంటి చోట ఎక్కువ శక్తిగల ప్రసారిణి ఒకటి పెడితే చాలుననుకోవడం పొరపాటు. అమెరికాలో వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీలో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు 1, 6, 11 అనే మూడే. ఒక ఛానల్‌లో ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి కాబట్టి, ఎంత ఎక్కువ దూరం వినిపిస్తే అంతమంది తమ వంతు కోసం ఆగాలి. దానికి తోడు ప్రతి మోటారు ఇంట్లోనూ ఎవరి హాట్‌స్పాట్ వారిదే. వైఫై అందలేదని విసిగి హాట్‌స్పాట్ పెట్టిన ప్రతివారూ పక్కవారి వైఫైని మరికొంత పాడుచేస్తారు. ఆ పక్కవారు కూడా అదే పని చేస్తారు. తక్కువ శక్తితో పనిచేసే చిన్న పరికరాలను దగ్గర దగ్గరగా అమర్చి, వీలైనంతమందిని 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మళ్లించడం మేలు. అయితే ఆ పట్టీలో కొంత భాగాన్ని రాడార్లతో పంచుకోవాలి. రాడార్ జాడ తగలగానే పరికరం ఆ ఛానల్‌ను వదిలేయాలన్నది నియమం. అలాంటి మరో ఛానల్‌కు మారాలంటే ముందుగా కనీసం 60 సెకన్లు మౌనంగా విని చూడాలి. ఈలోగా వాడేవారికి కనెక్షన్ తెగిపోతుంది. రన్‌వేల పక్కన ఇష్టమొచ్చిన ఎత్తులో స్తంభాలు నాటడం కూడా కుదరదు.

మొబైల్ డేటా ఉంది కదా అంటారా? రోజూ మధ్యాహ్నం విన్యాసాల వేళ అందరూ ఒకేసారి వీడియోలు పంపడం మొదలుపెట్టేవారు, ఆ గంటల్లో నా ఫోన్‌లో చిన్న సందేశం కదలడం కూడా కష్టమయ్యేది. పొద్దున్నే, జనం లేవకముందు, రెండూ చక్కగానే పనిచేసేవి. నన్నడిగితే నిర్వాహకులు ఒక్కొక్కరికి ఇచ్చే వేగానికి కచ్చితమైన పరిమితి పెట్టడంలో తప్పు లేదు. పైలట్‌కు గాలివానల సమాచారం, రన్‌వే ప్రకటనలు అందడం ముఖ్యం. వాటికి కావలసిన డేటా స్వల్పమే. రాత్రి గుడారంలో సినిమా చూడాలనుకునేవారు దాన్ని ఇంటి దగ్గరే దించుకుని రావచ్చు.

కాబట్టి ఆ వారంలో వీడియో సమావేశాలు తప్పనివారు వసతిగృహం గది తీసుకోవడం మంచిది. మిగిలినవారు పటాలు, విమానాల రాకపోకల ప్రకటన ముందే దాచుకోవాలి. చోటు ఎంచుకునేటప్పుడు చెట్టునీడ ఒక్కటే చూడకుండా, స్తంభం నేరుగా కంటికి కనిపిస్తోందో లేదో కూడా చూసుకోవాలి. చాలా స్థలాలకు కరెంటు ఉండదు గనుక, సిగ్నల్ కోసం వెతుకుతూ త్వరగా ఖాళీ అయ్యే ఫోన్‌కు పవర్ బ్యాంకు కూడా తప్పనిసరి.